నియంతను బుజ్జగిస్తే యుద్ధం ఆగుతుందా, ముంచుకొస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి: బుజ్జగింపు యుద్ధాన్ని ఆపుతుందా, రేపుతుందా?

చాలాసార్లు వాయిదా వేస్తుంది. ఆ వాయిదాలో ఎవరి బలం పెరిగిందన్నదే అసలు లెక్క. దండెత్తే అలవాటున్న నియంతకు మీరిచ్చింది అతని తర్వాతి యుద్ధానికి పనికొచ్చేదైతే, అంటే కోటలో, ఆయుధ కర్మాగారాలో, చమురో, బంగారమో అయితే, యుద్ధం వచ్చి తీరుతుంది. అదీ మీకు ఇంకా కష్టమైన చోట, ఇంకా కష్టమైన సమయంలో వస్తుంది. ఇచ్చింది అతని పరువు నిలిపేదే తప్ప బలం పెంచేది కాకపోతే యుద్ధం నిజంగా తప్పిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ చర్చను చాలామంది నియంత మనస్తత్వం మీద నడుపుతారు. అతను పిచ్చివాడా, లెక్కలు తెలిసినవాడా, మాట మీద నిలబడతాడా అని. నేను ఆ దారి పట్టడం లేదు. అతని మనసులో ఏముందో ఎదురుగా కూర్చుని మాట్లాడినవాళ్లకే అంతుపట్టలేదు. చేతికి ఏం అందిందో మాత్రం ఎవరైనా లెక్కపెట్టొచ్చు.

ప్రతి రాజీనీ బుజ్జగింపు అనేయొచ్చా?

అనకూడదు. కానీ రాజకీయాల్లో అనేస్తుంటారు, ఎందుకంటే తిట్టడానికి సులువు. రాజీలో ఇద్దరూ ఎంతో కొంత వదులుకుంటారు. బుజ్జగింపులో ఒకరు బెదిరిస్తారు, ఇంకొకరు ఇస్తారు, బదులుగా దొరికేది "ఇక ఇంతకు మించి అడగను" అన్న హామీ ఒక్కటే. ఇచ్చేది తనది కాకుండా మూడోవాళ్లదైతే వ్యవహారం మరీ దిగజారుతుంది. 1938లో జరిగింది అదే.

సామ దాన భేద దండోపాయాలని మనవాళ్లు నాలుగూ కలిపే చెప్పారు. వెనక దండం ఉందని ఎదుటివాడికి తెలిసినప్పుడు చేసే దానానికీ, దండం లేదని తెలిసిపోయాక చేసే దానానికీ చాలా తేడా ఉంది.

మ్యూనిక్‌లో అసలేం జరిగింది?

చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతమైన సుడెటెన్‌లాండ్‌లో దాదాపు 30 లక్షల మంది జర్మన్లు ఉండేవారు. వాళ్లను అణగదొక్కుతున్నారని, ఆ ప్రాంతం తనకివ్వాలని హిట్లర్ పట్టుబట్టాడు. చెకోస్లొవేకియాకు ఫ్రాన్స్‌తో రక్షణ ఒప్పందం ఉంది. ఫ్రాన్స్ కదిలితే బ్రిటన్ కూడా కదలాల్సి వస్తుంది. అందుకే బ్రిటన్ ప్రధాని నెవిల్ ఛాంబర్లేన్ 1938 సెప్టెంబరులో మూడుసార్లు విమానమెక్కి జర్మనీ వెళ్లాడు: బెర్చ్‌టెస్‌గాడెన్‌కి, గోడెస్‌బర్గ్‌కి, చివరికి మ్యూనిక్‌కి.

మ్యూనిక్‌లో హిట్లర్, ఇటలీ నియంత ముస్సోలినీ, ఛాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే కూర్చున్నారు. ఎవరి దేశాన్ని కోస్తున్నారో వాళ్లకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఇద్దరు చెక్ దౌత్యవేత్తలు హోటల్లో ఎదురుచూస్తూ ఉండిపోయారు. సెప్టెంబరు 29 అర్ధరాత్రి దాటాక వాళ్లను పిలిపించి కాగితం చేతిలో పెట్టారు. జవాబు అడగడానికి కాదు, తెలియజేయడానికి. ఆ సమయంలో ఛాంబర్లేన్ దాచుకునే ప్రయత్నం కూడా చేయకుండా ఆవలిస్తూనే ఉన్నాడని ఆ ఇద్దరిలో ఒకరైన హుబర్ట్ మసార్జిక్ తన నివేదికలో రాశాడు. ఒప్పందంలోని షరతులన్నీ మరచిపోయినా ఆ ఆవలింత మరచిపోలేం.

మర్నాడు లండన్‌లో ఛాంబర్లేన్ హిట్లర్ సంతకమున్న ఇంకో కాగితాన్ని జనానికి ఊపి చూపించాడు. మన కాలానికి శాంతి వచ్చినట్టే అన్నాడు. జనం కేరింతలు కొట్టారు. పారిస్‌లో దిగుతున్న దలాదియే తనను తిట్టడానికి జనం వచ్చారేమో అనుకున్నాడు. తీరా చూస్తే పూలతో వచ్చారు.

ఇచ్చింది ఓ సరిహద్దు ముక్కే కదా, దాంతో హిట్లర్‌కి ఏం కలిసొచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు చాలా చోట్ల రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నా దృష్టిలో మొత్తం చర్చకి గుండెకాయ ఇదే.

సుడెటెన్‌లాండ్ కొండ ప్రాంతం. జర్మనీ వైపు నుంచి దాడి జరిగితే ఆపడానికి చెక్‌లు కట్టుకున్న కాంక్రీటు కోటలన్నీ ఆ కొండల్లోనే ఉన్నాయి. ఆ ప్రాంతం వదులుకోవడమంటే మొత్తం రక్షణ వ్యవస్థను తాళాలతో సహా అప్పగించడమే. ఒప్పందం తర్వాత జర్మన్ అధికారులు ఒక్క తూటా పేల్చకుండా ఆ బంకర్లలోకి నడుచుకుంటూ వెళ్లి తీరిగ్గా పరిశీలించుకున్నారు.

కోటలు పోయాక మిగిలిన దేశం ఆరు నెలలు కూడా నిలవలేదు. 1939 మార్చి 14 రాత్రి చెక్ అధ్యక్షుడు ఎమిల్ హాఖాను బెర్లిన్ పిలిపించారు. సంతకం పెట్టకపోతే ప్రేగ్ మీద బాంబులు పడతాయని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ బెదిరించాడు. ఆ పెద్దాయన స్పృహ తప్పాడు. హిట్లర్ సొంత డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి లేపాడు. తెల్లవారుజామున సంతకం పెట్టించుకున్నారు. 15న జర్మన్ సైన్యం ప్రేగ్‌లో ఉంది.

ఇక చేతికొచ్చిన సరుకు చూడండి. ప్లజెన్‌లోని స్కోడా, ప్రేగ్‌లోని సీకేడీ యూరప్‌లో పేరుమోసిన ఆయుధ కర్మాగారాలు. చెక్ సైన్యం దగ్గరున్న తుపాకులు, ఫిరంగులు, విమానాలు అన్నీ జర్మనీ పాలయ్యాయి. 1940 మేలో ఫ్రాన్స్ మీద పడ్డ దాదాపు రెండున్నర వేల జర్మన్ ట్యాంకుల్లో మూడొందలకు పైగా చెక్ తయారీవే. జర్మన్ సేనాని రోమెల్ నడిపిన 7వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌లో వాటిదే పెద్ద వాటా. అంటే ఫ్రాన్స్ తను కాపాడతానని మాటిచ్చి వదిలేసిన దేశపు ట్యాంకులే రెండేళ్లు తిరక్కుండా దాని మీదికి వచ్చాయి.

బంగారం సంగతి ఇంకా చోద్యం. చెక్ జాతీయ బ్యాంకు బంగారం కొంత లండన్‌లో, అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు ఖాతాలో భద్రంగా ఉండేది. ప్రేగ్ ఆక్రమణ జరిగిన కొద్ది రోజులకే దాదాపు 23 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుస్తకాల్లో ఒక ఖాతా నుంచి జర్మన్ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ ఖాతాకి మార్చేశారు. రూల్స్ ప్రకారమే చేశామన్నారు.

ఛాంబర్లేన్ అంత అమాయకుడా?

కాదు. పిరికివాడూ కాదు. వ్యాపారం, మునిసిపాలిటీ, ఆర్థిక శాఖ అన్నీ చూసిన మనిషి. 69 ఏళ్ల వయసులో, విమాన ప్రయాణం అలవాటు లేకపోయినా, యుద్ధం ఆపడానికి మూడుసార్లు ఎగిరి వెళ్లాడు. ఆయన తరం మొదటి ప్రపంచ యుద్ధాన్ని చూసింది. బ్రిటన్ ఏడు లక్షల మందికి పైగా కుర్రాళ్లను పోగొట్టుకుంది, ఫ్రాన్స్ 13 లక్షలకు పైగా. ఆ యుద్ధం 1914లో ఎలా వచ్చిందని అడిగితే అప్పటి వాళ్లు చెప్పే జవాబు ఒకటే: ఎవరూ తగ్గలేదు, అందుకే వచ్చింది. కాబట్టి ఈసారి తగ్గి చూద్దామనుకున్నారు.

1938 సెప్టెంబరు చివరి వారంలో లండన్‌లో ఎంత టెన్షన్ ఉందో ఇప్పుడు ఊహించడం కష్టం. పార్కుల్లో కందకాలు తవ్వారు. దేశవ్యాప్తంగా దాదాపు మూడు కోట్ల 80 లక్షల గ్యాస్ మాస్కులు పంచారు. యుద్ధం మొదలైన రోజే ఆకాశం నుంచి విషవాయువు పడుతుందని అందరూ నమ్మారు. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా చెక్‌ల కోసం యుద్ధానికి రావడానికి సుముఖంగా లేవు. అమెరికా తలుపులు మూసుకుని కూర్చుంది.

ఆయన పొరపాటు భయపడటంలో లేదు. హిట్లర్ ముఖంలో కాఠిన్యం కనిపించినా, మాటిస్తే నిలబెట్టుకునే మనిషిలా అనిపించాడని బెర్చ్‌టెస్‌గాడెన్ నుంచి వచ్చాక తన చెల్లెలికి ఉత్తరం రాశాడు. దేశాల మధ్య వ్యవహారాన్ని మనుషుల మధ్య నమ్మకంగా చూశాడు. ఎదుటివాడికి అప్పగిస్తున్నదేమిటో తూచాల్సిన చోట అతని ముఖం చదువుతూ కూర్చున్నాడు.

కానీ ఆ ఏడాది గడువు బ్రిటన్‌కి పనికొచ్చింది కదా?

ఛాంబర్లేన్‌ను సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇది, తీసిపారేయకూడదు. 1938 సెప్టెంబరులో స్పిట్‌ఫైర్ విమానాలు అప్పుడప్పుడే మొదటి స్క్వాడ్రన్‌కి అందుతున్నాయి. హరికేన్లూ కొద్దిగానే ఉన్నాయి. తీరం వెంబడి రాడార్ గొలుసు పూర్తి కాలేదు. 1940 వేసవికి ఇవన్నీ సిద్ధమయ్యాయి, బ్రిటన్ గగనతల యుద్ధంలో నిలబడింది. పైగా ప్రేగ్ ఆక్రమణ చూశాక జనంలో ఎలాంటి అనుమానమూ మిగల్లేదు. కృష్ణుడు ఐదూళ్లయినా ఇవ్వమని రాయబారం నడిపింది దుర్యోధనుడు ఒప్పుకుంటాడన్న ఆశతో మాత్రమే కాదు కదా, ఎవరు కాదన్నారో లోకానికి తెలియాలని కూడా. మ్యూనిక్ కూడా అలాంటిదే అనేవాళ్లున్నారు.

అయితే గడియారం రెండు వైపులా తిరిగింది. ఆ ఏడాదిలో జర్మనీ ఊరికే కూర్చోలేదు. 1938లో జర్మనీ ఒకేసారి చెక్ కోటల మీదికి వెళ్లి, పడమట ఫ్రాన్స్‌ను కాచుకోవాల్సి వచ్చేది. పశ్చిమ సరిహద్దు రక్షణ పని సగంలోనే ఉంది. లండన్ మీద బాంబులు వేయడానికి జర్మన్ విమానాలకు దగ్గర్లో స్థావరాలూ లేవు, అవి 1940లో ఫ్రాన్స్, బెల్జియం పడిపోయాకే దొరికాయి. యుద్ధం వస్తే జర్మనీ ఓడిపోతుందని జర్మన్ సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ 1938 ఆగస్టులో పదవి వదిలేశాడు. హిట్లర్ దాడికి ఆదేశిస్తే అతన్ని పట్టుకోవాలని కొందరు అధికారులు కుట్ర కూడా పన్నారు. ఒక్క తూటా లేకుండా గెలిచి వచ్చినవాణ్ణి ఎవరు దింపుతారు? మ్యూనిక్‌తో ఆ కుట్ర చల్లబడిపోయింది.

నా లెక్కలో ఆ ఏడాది బ్రిటన్ ఆకాశానికి లాభం, యూరప్ నేలకి నష్టం. మొత్తం మీద నష్టమే ఎక్కువ.

ముందే ఆపాలంటే ఎక్కడ ఆపాల్సింది?

రైన్‌లాండ్ దగ్గర. అది ఫ్రాన్స్ సరిహద్దు పక్కనున్న జర్మన్ ప్రాంతం, అక్కడ జర్మన్ సైన్యం ఉండకూడదని ఒప్పందం. 1936 మార్చి 7న, వెర్సాయ్, లోకార్నో ఒప్పందాలు రెండింటినీ తుంగలో తొక్కి, హిట్లర్ సుమారు 20 వేల మంది సైనికులను అక్కడికి పంపాడు. వాళ్లలో రైన్ నది దాటి సరిహద్దు దాకా వెళ్లినవాళ్లు చాలా తక్కువ. ఫ్రెంచి సైన్యం ముందు అది ఏ మూలకీ చాలదు. ఫ్రాన్స్ కదిలుంటే తోక ముడుచుకుని వెనక్కి రావాల్సి వచ్చేదని హిట్లర్ తర్వాత తనే చెప్పుకున్నాడు.

ఫ్రాన్స్ కదల్లేదు. సైన్యాధిపతులు పూర్తి సమీకరణ కావాలన్నారు, ఎన్నికలేమో కొన్ని వారాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో జనం మాట: వాడి పెరట్లోకి వాడు వెళ్తే మనకేంటి? చనువిస్తే చంకనెక్కుతారని సామెత చెప్పడం తేలికే, కానీ ఆ రోజు యుద్ధం మొదలుపెట్టిన ప్రధానిని ఆయన దేశమే తిట్టిపోసేది. ఆపడం చవకగా అయ్యే రోజున ఆపాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. ఈ చిక్కుకి తేలికైన పరిష్కారం నాకైతే కనిపించలేదు.

ముస్సోలినీ మీద ఆంక్షలు పెట్టారుగా, అవెందుకు పనిచేయలేదు?

సగం సగం పెట్టారు కాబట్టి. 1935 అక్టోబరులో ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద పడింది. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. జాబితాలో చాలా సరుకులున్నాయి, చమురు తప్ప. సూయజ్ కాలువ మూసేస్తే ఇటలీ సైన్యానికి దారే ఉండేది కాదు, దాన్నీ మూయలేదు. డిసెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రులు హోర్, లవాల్ కలిసి అబిసీనియాలో పెద్ద భాగం ఇటలీకి కట్టబెట్టే పథకం రహస్యంగా తయారు చేశారు. పేపర్లకి పొక్కింది, హోర్ రాజీనామా చేశాడు. చమురు ఆపి ఉంటే వారంలో వెనక్కి వచ్చేవాణ్ణని ముస్సోలినీ తర్వాత హిట్లర్‌తో అన్నట్టు హిట్లర్ దుబాసీ పాల్ ష్మిట్ రాశాడు.

ఫలితం ఏమిటంటే ఆక్రమణ ఆగలేదు, ముస్సోలినీకి మాత్రం కోపమొచ్చింది. అంతకుముందు హిట్లర్‌కి వ్యతిరేకంగా ఉన్న మనిషి ఏడాది తిరిగేసరికి హిట్లర్ పక్కన చేరాడు. బుజ్జగించలేదు, అడ్డుకోనూ లేదు. ఇంతకన్నా చెడ్డ విధానం ఊహించలేను.

స్టాలిన్ కూడా హిట్లర్‌ని బుజ్జగించాడంటారు, నిజమేనా?

నిజమే, కానీ ఈ సంగతి మ్యూనిక్ అంత ప్రచారంలోకి రాలేదు. 1939 ఆగస్టు 23 ఒప్పందంతో పోలండ్‌ను పంచుకున్నాక, దాదాపు రెండేళ్లపాటు సోవియట్ ధాన్యం, చమురు, మాంగనీసు జర్మనీకి వెళ్తూనే ఉన్నాయి. బ్రిటన్ నౌకాదళం సముద్రం మీద జర్మనీని దిగ్బంధిస్తుంటే స్టాలిన్ నేల మీద తలుపు తెరిచాడు. 1941 వసంతంలో సరిహద్దు మీద జర్మన్ నిఘా విమానాలు తిరుగుతున్నా రెచ్చగొట్టొద్దని, కాల్చొద్దని ఆదేశాలు. జర్మనీ దాడి చేస్తుందన్న పుకార్లు అబద్ధమని జూన్ 14న సోవియట్ వార్తా సంస్థ టాస్ ప్రకటన. జూన్ 22 తెల్లవారుజామున దాడి మొదలవడానికి కొద్దిసేపటి ముందు కూడా సరుకుల రైలు సరిహద్దు దాటి జర్మనీ వైపు వెళ్లింది.

ఛాంబర్లేన్ ప్రజాస్వామ్యపు మెతకదనానికి గుర్తు అనేవాళ్లు ఈ రైలు గురించి ఆలోచించాలి. మెతకదనం అనే మాటే స్టాలిన్‌కి అతకదు. అయినా అదే పొరపాటు చేశాడు.

చిన్న దేశానికి దారేంటి? ఎదిరిస్తే నాశనం, ఒప్పుకుంటే నాశనం కాదా?

దీనికి చరిత్రలో పక్కపక్కనే ఒక జత దొరుకుతుంది. 1939 శరదృతువులో స్టాలిన్ ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలను సైనిక స్థావరాలు అడిగాడు. మూడూ ఒప్పుకున్నాయి. ఎస్టోనియా సెప్టెంబరు 28న సంతకం పెట్టి, 25 వేల మంది సోవియట్ సైనికులను లోపలికి రానిచ్చింది. మీ స్వాతంత్ర్యానికి ఢోకా లేదని ఒప్పందంలో రాసిచ్చారు. 1940 జూన్‌లో అల్టిమేటం వచ్చేసరికి స్థావరాలు దేశం నడిబొడ్డున ఉన్నాయి. ఇక ఎదిరించే ప్రశ్నే లేదు. ఆగస్టుకల్లా మూడు దేశాలూ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. మళ్లీ బయటపడింది 1991లో.

ఫిన్లాండ్‌నూ దాదాపు అప్పుడే అడిగాడు: లెనిన్‌గ్రాడ్ పక్కనున్న భూమి, సముద్ర స్థావరం. బదులుగా వేరేచోట భూమి ఇస్తానన్నాడు కూడా. ఫిన్లాండ్ కొంత తగ్గింది, స్థావరం దగ్గర మాత్రం కుదరదంది. 1939 నవంబరు 30న యుద్ధం మొదలైంది. 105 రోజులు సాగింది. ఫిన్లాండ్ గెలవలేదు. పాతిక వేల మంది చనిపోయారు, భూభాగంలో పదో వంతు పోయింది, నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి రావాల్సి వచ్చింది. అయితే సోవియట్ వైపు చనిపోయినవాళ్లు లక్షకు పైనే. 1944లో రెండోసారి ఓడిపోయినా కూడా మాస్కో ఆ దేశాన్ని మింగలేదు. 30 కోట్ల డాలర్ల నష్టపరిహారం కట్టి, మాస్కోకి కోపం రాకుండా నాలుగు దశాబ్దాలు ఆచితూచి మాట్లాడుతూ, తన పార్లమెంటు, తన ఎన్నికలు తను నిలుపుకుంది.

గమనించండి, యుద్ధం తర్వాత ఫిన్లాండ్ చేసింది కూడా ఒక రకం బుజ్జగింపే. అది పనిచేసింది. మింగితే ఎంత ఖర్చవుతుందో మాస్కో అప్పటికే కట్టి చూసుకుంది కాబట్టి పనిచేసింది. బాల్టిక్ దేశాలు ఎదిరించి ఉంటే బతికేవని నేననను. చదును నేల, చిన్న సైన్యం, సాయం చేసేవాళ్లు లేరు. వాళ్లను తప్పుపట్టేంత ధైర్యం నాకు లేదు.

మరైతే గట్టిగా నిలబడితే యుద్ధం రాదన్నమాట?

అదీ నిజం కాదు. 1914 జులైలో ఆస్ట్రియా, రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ అందరూ గట్టిగానే నిలబడ్డారు. 1941లో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి దిగాక అమెరికా దాని ఆస్తులు స్తంభింపజేసి చమురు ఆపేసింది. జపాన్ చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. చైనా నుంచి వెనక్కి రావాలి, లేదా నిల్వలు అయిపోకముందే దెబ్బ కొట్టాలి. జపాన్ సైనికాధికారులు రెండోది ఎంచుకున్నారు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్. అమెరికా తప్పు చేసిందనడం లేదు. మెడ మీద కాలు పెట్టినప్పుడు ఎదురుదెబ్బకి సిద్ధంగా ఉండాలి, లేదా తప్పుకునే సందు వదలాలి. ఆ రెండూ లేవు.

ఉద్దేశం లేకుండానే బుజ్జగించినట్టు అవ్వొచ్చా?

అవ్వొచ్చు. 1981లో బ్రిటన్ ఖర్చు తగ్గించుకోవడానికి దక్షిణ అట్లాంటిక్‌లోని ఎండ్యూరెన్స్ అనే గస్తీ నౌకను ఉపసంహరిస్తామని ప్రకటించింది. అక్కడి తన ఏలుబడిలోని ఫాక్‌లాండ్ దీవుల మీద లండన్‌కి ఆసక్తి లేదని అర్జెంటీనా సైనిక పాలకులు అర్థం చేసుకున్నారు. 1982 ఏప్రిల్ 2న ఆక్రమించారు. ఒక నౌక ఖర్చు మిగుల్చుకోబోయి మొత్తం నౌకాదళాన్నే పంపాల్సి వచ్చింది. 1990 జులై 25న బాగ్దాద్‌లో అమెరికా రాయబారి సద్దాం హుస్సేన్‌తో, కువైట్‌తో మీ సరిహద్దు తగాదా లాంటి అరబ్ దేశాల గొడవల్లో మాకు అభిప్రాయం లేదన్నారు. ఎనిమిది రోజుల తర్వాత ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది. ఆ ఒక్క మాటతోనే యుద్ధం వచ్చిందనడం అన్యాయం. ఆపిన మాట ఒక్కటీ లేకపోవడం మాత్రం నిజం.

ఇవ్వకుండా, కొట్టకుండా మూడో దారి ఉందా?

బెర్లిన్ చూడండి. 1948 జూన్‌లో స్టాలిన్, సోవియట్ ఆధీనంలోని ప్రాంతం మధ్యలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కి రోడ్లు, రైళ్లు మూసేశాడు. అమెరికా, దాని మిత్రదేశాలు నగరం వదులుకోవాలి, లేదా ట్యాంకులతో దారి తెరవాలి. జర్మనీలోని అమెరికా సైనిక గవర్నర్ లూసియస్ క్లే సాయుధ కాన్వాయ్ పంపుదామన్నాడు కూడా. చివరికి విమానాల్లో బొగ్గు, పిండి మోశారు. దాదాపు రెండు లక్షల 78 వేల విమాన ప్రయాణాలు, 23 లక్షల టన్నుల సరుకు. కూల్చితే మొదటి తూటా పేల్చిన మచ్చ స్టాలిన్‌దవుతుంది. అతను కూల్చలేదు. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశాడు.

1962 అక్టోబరులో, సోవియట్ యూనియన్ క్యూబాలో పెట్టిన క్షిపణుల దగ్గర కూడా అంతే. బాంబులు వేయకుండా దిగ్బంధం సరిపోదని, ఇది మ్యూనిక్ బుజ్జగింపు అంత చెడ్డదని అమెరికా వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే అధ్యక్షుడు కెనెడీ ముఖం మీదే అన్నాడు. కెనెడీ తండ్రి మ్యూనిక్ రోజుల్లో లండన్‌లో అమెరికా రాయబారి, ఛాంబర్లేన్ విధానాన్ని సమర్థించినవాడు. ఆ మాట ఎక్కడ తగులుతుందో లెమేకి తెలుసు. కెనెడీ లొంగలేదు. నౌకలతో దారి మూశాడు, క్యూబా మీద దాడి చేయనని మాటిచ్చాడు, తుర్కియేలోని అమెరికా జూపిటర్ క్షిపణులు తీసేస్తామని రహస్యంగా ఒప్పుకున్నాడు. ఇచ్చినవి సోవియట్ అధినేత క్రుశ్చేవ్ పరువు కాపాడాయి. క్యూబాలో క్షిపణులు మాత్రం లేకుండా పోయాయి. అదీ చెల్లే రాయితీ.

మ్యూనిక్ పేరు చెప్పి అనవసర యుద్ధాలు తెచ్చినవాళ్లు లేరా?

ఉన్నారు, అదీ పెద్దవాళ్లే. ఛాంబర్లేన్ విధానం నచ్చక 1938లో విదేశాంగ మంత్రి పదవి వదిలేసిన ఆంథొనీ ఈడెన్, 1956లో తనే ప్రధాని. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయగానే ఆయనకు మళ్లీ ముస్సోలినీ కనిపించాడు. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో రహస్యంగా కలిసి దాడి చేశాడు. అమెరికా పౌండుకి ఊపిరాడనివ్వలేదు, వెనక్కి రావాల్సి వచ్చింది, కొద్ది వారాలకే పదవి పోయింది. కాలువను ఈజిప్టు మామూలుగానే నడుపుకుంది. 1965లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వియత్నాంకి ఇంకా సైన్యం పంపుతూ, గెలుపు దురాక్రమణదారుడి ఆకలి పెంచుతుందని మ్యూనిక్‌లో నేర్చుకున్నామన్నాడు. వియత్నాం కమ్యూనిస్టులు గెలిచారు. యూరప్‌నేమీ మింగలేదు, కొన్నేళ్లకి చైనాతోనే తలపడ్డారు.

ఎవరైనా మ్యూనిక్ పేరు ఎత్తగానే నేనైతే ఒకటే అడుగుతాను: ఇక్కడ చెక్ కోటలు ఏవి?

పుతిన్ విషయంలో జరిగింది బుజ్జగింపేనా?

చాలావరకు అబిసీనియా లాంటిది: సగం ఆంక్ష, సగం వ్యాపారం. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని నాటో ప్రకటించింది, తేదీ లేదు, రక్షణా లేదు. మాస్కోకి కోపం తెప్పించడానికి చాలు, కీవ్‌ను కాపాడటానికి చాలదు. ఆగస్టులో జార్జియాలో ఐదు రోజుల యుద్ధం. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకుంది. రష్యాను సంపన్న దేశాల కూటమి జీ8 నుంచి పంపించేశారు, ఆంక్షలు పెట్టారు. మరుసటి ఏడాదే నార్డ్ స్ట్రీమ్ 2 గ్యాస్ పైపులైన్‌కి ఒప్పందం కుదిరింది. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. 2022 ఫిబ్రవరి 24న పూర్తి స్థాయి దాడి.

నాటో విస్తరణే రెచ్చగొట్టిందన్న వాదన ఉంది. ఆ ఆందోళన మాస్కోలో నిజంగానే ఉందనుకున్నా, అణ్వాయుధాలు వదులుకున్నందుకు 1994 బుడాపెస్ట్ పత్రంలో ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని రష్యా చేసిన సంతకం చెరిగిపోదు.

నేరుగా సైన్యం పంపకపోవడాన్ని కూడా కొందరు బుజ్జగింపు అంటారు. నేననను. అణ్వాయుధాలున్న దేశంతో తలపడకుండా దాడికి గురైనవాళ్లకి ఆయుధాలివ్వడం ప్రచ్ఛన్న యుద్ధం అంతటా నడిచిన పద్ధతే.

ఎదుటివాడు ఎక్కడ ఆగుతాడో ముందే తెలిసే మార్గం ఉందా?

ఖాయంగా లేదు. కానీ ఒక సూచన మ్యూనిక్ కంటే వారం ముందే బయటపడింది. బెర్చ్‌టెస్‌గాడెన్‌లో హిట్లర్ అడిగినదానికి తన మంత్రివర్గాన్ని, ఫ్రాన్స్‌ను, చివరికి చెక్‌లను కూడా ఒప్పించి, ఛాంబర్లేన్ సెప్టెంబరు 22న గోడెస్‌బర్గ్ వెళ్లాడు. అడిగింది తెచ్చానన్నాడు. ఇప్పుడది సరిపోదన్నాడు హిట్లర్. కొన్ని రోజుల్లోనే సైన్యం లోపలికి వెళ్లాలన్నాడు. అడిగింది ఇచ్చినప్పుడు కోరిక పెరిగిందంటే ఫిర్యాదు కేవలం సాకు. ఛాంబర్లేన్ ఆ రోజే తిరిగొచ్చి ఊరుకుని ఉంటే చరిత్ర ఆయన్ని వేరేగా గుర్తుంచుకునేది.

అప్పట్లో ఎవరూ హెచ్చరించలేదా?

హెచ్చరించారు. నౌకాదళ మంత్రి డఫ్ కూపర్ రాజీనామా చేశాడు. ఇది పూర్తి ఓటమి అని చర్చిల్ అక్టోబరు 5న పార్లమెంటులో అంటే సభ్యులు గోల చేశారు. ఆ వేసవిలో చెకోస్లొవేకియా వెళ్లి చూసొచ్చిన నెహ్రూ కూడా బ్రిటన్ విధానాన్ని బాహాటంగా తప్పుపట్టాడు.

చివరికి ఛాంబర్లేన్ ఏమయ్యాడు?

1939 మార్చి 31న పోలండ్‌కి రక్షణ హామీ ఇచ్చాడు. మన శత్రువులు పురుగులు, వాళ్లని మ్యూనిక్‌లో చూశానని హిట్లర్ ఆగస్టు 22న తన సేనాధిపతులతో అన్నాడు. ఆ హామీని అతను నమ్మలేదు. సెప్టెంబరు 3న ఛాంబర్లేన్ యుద్ధం ప్రకటించాల్సి వచ్చింది. 1940 మే 10న ప్రధాని పదవి వదిలి, చర్చిల్ యుద్ధ మంత్రివర్గంలో సభ్యుడిగా కొనసాగాడు. అదే నెల చివర్లో, డంకర్క్‌లో సైన్యం చిక్కుకున్నప్పుడు, ఇటలీ ద్వారా సంధి షరతులు కనుక్కుందామని విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ ప్రతిపాదించాడు. మధ్యధరాలోని మాల్టా, జిబ్రాల్టర్ లాంటివి బేరంలో పెట్టాల్సి వచ్చేది. మొదట అటూ ఇటూ ఊగిన ఛాంబర్లేన్ చివరికి చర్చిల్ వైపు నిలబడ్డాడు. ఆ ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది. నవంబరు 9న క్యాన్సర్‌తో చనిపోయాడు.